లేహ్‌లో కొన్నాళ్లు ఉండటానికి వెళ్తే ఏం చూసుకోవాలి?

లద్దాఖ్‌లోని లేహ్‌లో ఉద్యోగం చేసే బంధువుల ఇంట్లో కొన్ని నెలలు ఉండాలంటే, అన్నిటికన్నా ముందు ఊపిరి సంగతి చూసుకోవాలి. ఊరు సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. విమానంలో నేరుగా దిగితే ఒంటికి అలవాటుపడే వ్యవధి దొరకదు. మొదటి రెండు రోజులు ఇంటిపట్టునే ఉండండి, నాలుగు మెట్లెక్కినా ఆయాసం వస్తుంది. తలనొప్పి, వాంతులు తగ్గకపోతే "రేపటికి సర్దుకుంటుందిలే" అనుకోవద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్లండి, ఆలస్యం చేస్తే ప్రాణం మీదికొస్తుంది.

ఇది శీతల ఎడారి. ఏడాది మొత్తానికి వాన దాదాపు 100 మిల్లీమీటర్లే. సాగుకు మంచు కరిగిన నీరే దిక్కు. చలికాలంలో గొట్టాల్లో నీళ్లు గడ్డకడతాయి. అందుకే పాత ఇళ్లలో పొడి మరుగుదొడ్డి ఉంటుంది: నేలలో కంత, పక్కనే మట్టి కుప్ప, ఒక పార. వాడాక నీళ్లకు బదులు మట్టి వేస్తారు, అదే తర్వాత పొలానికి ఎరువు. నా దృష్టిలో ఆ నేలకు అంతకన్నా తెలివైన ఏర్పాటు లేదు.

సైన్యంలో 1999లో ఏర్పడిన 14వ కోర్ అనే పెద్ద విభాగానికి ప్రధాన కేంద్రం ఇక్కడే. రోడ్డు మీద సైనిక వాహనాలు బారులుగా వస్తే దారివ్వండి. శిబిరాలను, విమానాశ్రయాన్ని ఫోటో తీయకండి. ఇతర ప్రాంతాల ప్రీపెయిడ్ సిమ్ పనిచేయదు, పోస్ట్‌పెయిడ్ తీసుకెళ్లండి.