అఫ్రంట్: మొహం మీదే జరిగే అవమానం

సందేహం: నేను ఇంగ్లీషు వ్యాసాలను తెలుగు చేస్తుంటాను. ‘అఫ్రంట్’ అనే మాట దగ్గరకు వచ్చేసరికి కలం ఆగిపోతోంది. నిఘంటువు ‘అవమానం’ అంటుంది. ఇన్సల్ట్‌కీ అదే అర్థం కదా, మరి తేడా ఏమిటి? ఇందులో కనిపించే ‘ఫ్రంట్’కీ మనం రోజూ అనే ఫ్రంట్‌కీ చుట్టరికం ఉందా? తెలుగులో ‘ధిక్కారం’ అని రాస్తే సరిపోతుందా?

సమాధానం: చుట్టరికం ఉంది, అదీ రక్తసంబంధమే. లాటిన్‌లో ‘ఫ్రోన్స్’ అంటే నుదురు. విభక్తులు చేరితే ‘ఫ్రోంటిస్’, ‘ఫ్రోంటెమ్’ అవుతుంది. నుదురు కాస్తా ముఖమై, ముఖం కాస్తా ముందుభాగమైంది. కారు ఫ్రంట్ సీటు, యుద్ధంలో ఫ్రంట్, ఎన్నికలప్పుడు పార్టీలు కట్టే ఫ్రంట్, దేశానికి ఎల్లగా ఉండే ఫ్రాంటియర్, అన్నీ ఆ నుదుటి సంతానమే. ఆ మాటకు ముందు ‘వైపు, మీదికి’ అనే అర్థమిచ్చే ‘అడ్’ చేరి, తర్వాతి కాలపు లాటిన్‌లో ‘అఫ్రోంతారే’ అనే క్రియ పుట్టింది. ఢీకొట్టడం అని దానర్థం. పాత ఫ్రెంచిలోకి వచ్చాక ఎదురుపడటం, ముఖాన కొట్టడం అనే అర్థాలు రెండూ దానికి ఉన్నాయి. పద్నాలుగో శతాబ్దంలో ఇంగ్లీషువాళ్లు దాన్ని తీసుకున్నాక దెబ్బ పోయింది, ముఖాన మర్యాద తప్పడం మిగిలింది. నామవాచకంగా వాడుక మాత్రం పదహారో శతాబ్దం చివర్లో మొదలైంది.

ఎదురుపడటం అనే పాత అర్థం అంత తొందరగా చావలేదు. షేక్‌స్పియర్ ‘హామ్లెట్’ మూడో అంకం మొదటి రంగంలో రాజు క్లాడియస్ తన పథకం చెబుతూ, హామ్లెట్ ఏదో అనుకోకుండా వచ్చినట్టు ఇక్కడ ఒఫీలియాను ‘అఫ్రంట్’ చేసేలా కబురు పెట్టామంటాడు. ఇప్పటి అర్థం పెట్టుకుని చదివితే, అమ్మాయిని అవమానించమని రాజే పురమాయించినట్టుంటుంది. అక్కడ అర్థం ‘తారసపడటం’ మాత్రమే. తారసపడ్డాక హామ్లెట్ ఆమెను నానా మాటలూ అన్నాడనుకోండి, అది వేరే కథ. ఫ్రెంచిలో, ఇటాలియన్‌లో ఈ చీలిక ఇప్పటికీ ఉంది. అక్కడ క్రియకు ‘ఎదుర్కోవడం’ అని అర్థం. సమస్యనైనా, శత్రువునైనా ‘అఫ్రంట్’ చేస్తారు. నామవాచకానికి మాత్రం అవమానమనే అర్థం. ఇంగ్లీషులో ఎదుర్కోవడం అనే పనిని దీని తోబుట్టువు ‘కన్‌ఫ్రంట్’ ఎత్తుకుపోయింది.

ఇన్సల్ట్ పుట్టుక వేరు. లాటిన్ ‘ఇన్‌సుల్తారే’ అంటే మీదికి దూకడం. పడిపోయినవాడి మీదికెక్కి గంతులేసినట్టు విర్రవీగడం అనే అర్థంతో అది ఇంగ్లీషులోకి వచ్చింది. అందుకే ఇన్సల్ట్ అనే మాట, అది చేసేవాడి దురుసుతనాన్ని ముందు చెబుతుంది. అఫ్రంట్ అది తగిలినవాడి ముఖాన్ని ముందు చూపిస్తుంది. పరోక్షంలో ఎవరో మిమ్మల్ని తిట్టారని తెలిస్తే అది ఇన్సల్టే. అఫ్రంట్ కావాలంటే ఎదురుగానో నలుగురిలోనో, దాపరికం లేకుండా జరగాలి.

ఈ తేడా పట్టుకోవడానికి మనకు భాగవతం చతుర్థ స్కంధంలోని దక్షుడి కథకు మించినది లేదు. ప్రజాపతుల సత్రయాగానికి దక్షుడు వచ్చాడు. సభంతా లేచి నిలబడింది. బ్రహ్మ లేవలేదు, శివుడూ లేవలేదు. బ్రహ్మ తండ్రి కాబట్టి సరిపోయింది. అల్లుడు కూర్చునే ఉండటం దక్షుడికి అఫ్రంట్. శివుడు ఒక్క మాటైనా అనలేదు. అనకపోయినా అది సభలో, తన కళ్లెదుట జరిగింది. శివుడి ఉద్దేశమేమిటో దక్షుడు అడగనూ లేదు. నిఘంటువులు ‘కావాలని చేసే అవమానం’ అని రాస్తాయి గానీ, ‘ఐ ఫెల్ట్ అఫ్రంటెడ్’ అనేవాడి మనసు దక్షుడి మనసే: అవతలివాడు ఏమనుకుని చేశాడో కాదు, నా మర్యాదకు నలుగురిలో దెబ్బ తగిలిందా లేదా అన్నదే లెక్క. ఆ కోపంలో దక్షుడు నోటికొచ్చినట్టు శివుణ్ణి తిట్టాడే, అవి ఇన్సల్టులు. తర్వాత తన యజ్ఞానికి అల్లుణ్ణి పిలవకపోవడం ఇంగ్లీషులో ‘స్లైట్’, అంటే చిన్నచూపు. పిలవకపోయినా పుట్టిల్లు కదా అని వచ్చిన సతిని తండ్రి పలకరించకపోవడం ‘స్నబ్’. ఒక్క కుటుంబ తగాదాలో నాలుగు రకాలూ దొరికాయి.

మన కాలపు ఉదాహరణ కావాలంటే 1982 మొదట్లో బేగంపేట విమానాశ్రయంలో జరిగింది చూడండి. అప్పటి ముఖ్యమంత్రి టి. అంజయ్య స్వాగతానికి జనంతో, హంగామాతో వెళితే, ఎంపీగా ఉన్న రాజీవ్ గాంధీ ఆ ఆర్భాటానికి చిరాకుపడి అక్కడే, అందరి ముందే ఆయన్ను మందలించారు. ఇదే మాట ఏ గదిలోనో తలుపు వేసి అంటే చీవాట్లు అయ్యేది, పార్టీ లోపలి విషయంగా పోయేది. పదిమందిలో జరిగింది కాబట్టి ఒక మనిషికి తగిలిన దెబ్బను రాష్ట్రం తనకు తగిలినట్టు తీసుకుంది. అదే ఏడాది మార్చి 29న ఎన్టీఆర్ పార్టీ పెట్టి ‘తెలుగువారి ఆత్మగౌరవం’ అన్నప్పుడు ఆ మాట ఎందుకు అంత పదునుగా దిగిందో అర్థం చేసుకోవడానికి అఫ్రంట్ అనే ఒక్క మాట చాలు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కూడా కించపరచాలని చేసే అవమానం గురించి చెప్పేటప్పుడు, అది ప్రజల కంటపడే చోట జరగాలని షరతు పెట్టింది.

నుదురు దగ్గర మాత్రం రోమన్లకూ మనకూ దారులు వేరయ్యాయి. వాళ్లకు సిగ్గు ఉండే చోటు నుదురు. ‘నుదురు రుద్దుకోవడం’ అంటే లాటిన్ నుడికారంలో సిగ్గు వదిలేయడం. నుదురే లేనివాడు, అంటే సిగ్గులేనివాడు, అనే మాట నుంచి ఇంగ్లీషు ‘ఎఫ్రంటరీ’ వచ్చింది. మన నుదుటి మీద బ్రహ్మరాత తప్ప సిగ్గుకు చోటు లేదు. పరువూ సిగ్గూ మనకు తల మీదా మొహం మీదా ఉంటాయి. తలవంపులు, తల కొట్టేసినట్టవడం, తలెత్తుకు తిరగలేకపోవడం, మొహం చెల్లకపోవడం, అన్నీ అక్కడివే. కాబట్టి అఫ్రంట్‌ను అనువదించేవాడు నుదురు వదిలేసి మొహం పట్టుకోవాలి.

ఇక మీరడిగిన ధిక్కారం. సంస్కృతంలో ‘ధిక్’ అంటే ‘ఛీ’. ఎదుటివాణ్ణి ఛీ అనడమే ధిక్కారం, కనుక మూలార్థంలో మీరు తప్పేమీ అనలేదు. కానీ తెలుగులో ఆ మాట దారి మళ్లింది. కోర్టు ధిక్కారం, విప్ ధిక్కారం, ధిక్కార స్వరం అంటున్నామంటే ఇప్పుడది పైవాణ్ణి లెక్కచేయకపోవడం. ‘అతని ప్రవర్తన ఆమెపట్ల ధిక్కారం’ అని రాస్తే ఆమె ఆజ్ఞ ఏదో అతను మీరాడనుకుంటారు. పరాభవం దగ్గరగా వస్తుంది. ద్రౌపదికి నిండుసభలో జరిగింది పరాభవమే. అయితే పత్రికల పుణ్యమా అని అది ఎన్నికల్లో ఓడినవాళ్ల సొంతమైపోయింది. 2026 ఉగాదితో మొదలయ్యే సంవత్సరం పేరూ పరాభవే కాబట్టి పంచాంగం చెప్పేవాళ్లకు దానితో మరికొంత పని ఉంటుంది. అమరకోశం నాట్యవర్గంలో అనాదరం, పరిభవం, తిరస్క్రియ, అవమానన, అవజ్ఞ, అవహేళన వరసగా కనిపిస్తాయి. వాటిలో ఏదీ ‘ఎదురుగా’ అనే ముక్కను తనంతట తాను చెప్పదు.

కాబట్టి ఒక్క మాట కోసం వెతక్కండి. మనుషుల మధ్య జరిగినదైతే ‘మొహం మీదే అవమానించాడు’, ‘నలుగురిలో పరువు తీశాడు’ అని రాస్తే ఇంగ్లీషు మాటలోని ముఖమూ వస్తుంది, బాహాటమూ వస్తుంది. ‘బహిరంగ అవమానం’ తప్పు కాదు గానీ కాస్త పోలీసు రిపోర్టు వాసన వేస్తుంది. ‘యాన్ అఫ్రంట్ టు జస్టిస్’ లాంటి చోట ముఖం ఉన్న మనిషి లేడు. అక్కడ ‘న్యాయాన్ని వెక్కిరించడమే’ అనండి. అదే చోట మన పత్రికలు ఇష్టంగా వాడే ‘చెంపపెట్టు’ మాత్రం వద్దు. దెబ్బ చెంప మీదే పడినా, తెలుగులో చెంపపెట్టు తప్పు చేసినవాడికి తగిన శాస్తి. న్యాయానికి చెంపపెట్టు అంటే తప్పు న్యాయానిదే అయిపోతుంది.