పొత్తు కోశాక చూడవలసినవి

చిరంజీవి రాముకి పెదనాన్న ఆశీస్సులు.

తెనాలి పొలంలో స్వీట్‌కార్న్ కోతకొచ్చిందని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. పండించడం నీకు బాగానే వచ్చురా. కోశాక సరుకు ఎలా చూసుకోవాలో రాద్దామని కూర్చున్నాను.

మొదటిసారి వేసిన ఏడాది నేను కుప్ప మీద నిగనిగలాడుతున్న నాలుగు పొత్తులు ఒలిచి, బాగున్నాయనుకుని బస్తాలు లారీకెక్కించేశాను. అవతల దించాక మధ్య బస్తాలో చెయ్యి పెడితే వేడి సెగ తగిలింది. ఆకులు చెమర్చి పసుపు తిరిగాయి. కొనేవాడు సగం ధర కోశాడు, నోరెత్తలేకపోయాను. పచ్చి పొత్తు కోశాక కూడా ఊపిరి తీస్తూనే ఉంటుంది, కుప్ప పోస్తే దానంతటదే వేడెక్కుతుంది. ఆ వేడికి గింజలో తీపి పిండిగా మారిపోతుంది. అందుకే తెల్లవారుజామునే కోయించు, నీడన పల్చగా పరిపించు, ఏ రోజు కోత ఆ రోజే పంపెయ్.

నమూనా తీసేటప్పుడు కంటికి నచ్చినదాన్ని తీయకు. పది బస్తాలు ఎంచుకుని, ఒక్కోదాంట్లో పైనొకటి, నడుమనొకటి, అడుగునొకటి చూడకుండా లాగు. ముప్పై పొత్తులవుతాయి. కాలవ గట్టు పక్క మడివీ, మెరకవీ విడివిడిగా ఉంచి చూడు, రెండూ ఒకసారి పక్వానికి రావు. ముప్పైలో మూడు చెడ్డవి తగిలితే ఆ మడి సరుకంతా మళ్ళీ ఏరించాల్సిందే. కూలి డబ్బులకి వెనకాడకు.

ఒలిచాక నడుమ గింజని బొటనవేలి గోటితో గిచ్చు. పాలు చిమ్మితే సరిగ్గా ఉంది. నీళ్ళలా కారితే లేత. ముద్దలా వస్తే ముదిరింది, దాన్ని మొదటి రకంలో కలపకు. తర్వాత పచ్చిదే ఒకటి నమిలి చూడు. అమ్మేది తీపి కాబట్టి నాలుక చెప్పింది నమ్ము. పీచు గోధుమరంగుకి తిరిగి ఎండి, కొన గుండ్రంగా చేతికి తగిలేవి సాధారణంగా నిండుగా ఉంటాయి. కొన సూదిగా ఉంటే అక్కడ గింజ పట్టలేదన్నమాట. అన్నిటినీ ఒలిచెయ్యకు సుమా, ఆకు తీస్తే గింజ వాడిపోతుంది.

కత్తెర పురుగు 2018లో మన దేశంలో కనబడ్డ దగ్గర్నుంచీ ఈ పంటకి పట్టుకుంది. పొత్తు పక్కన చిన్న కన్నం, తడి పెంట కనిపిస్తే మారు ఆలోచించకుండా పక్కన పడెయ్. కొన మాత్రమే తిన్నదైతే కొన నరికి ఊళ్ళోనే ఉడకబెట్టి అమ్మేవాళ్ళకివ్వు, సంగతి ముందే చెప్పి ఇవ్వు.

ఇంకొకటి. మన చుట్టుపక్కల వరి కోసిన మాగాణుల్లో అందరూ దున్నకుండానే మామూలు మొక్కజొన్న వేస్తారు. రెండూ ఒకేసారి పూతకొస్తే వాటి పుప్పొడి వచ్చి నీ గింజ చప్పబడుతుంది. ఈసారి పక్క చేను వైపు వరసలో ఐదు పొత్తులు కోయకుండా మొక్క మీదే ఎండనివ్వు. స్వీట్‌కార్న్ గింజ ఎండితే ముడుచుకుపోతుంది. వాటి మధ్య నున్నగా ఉబ్బిన గింజలు కనబడితే అవే పక్క చేను తాలూకు. ఉగాది దాటాక వస్తాను, వాటిని ఒలవకుండా ఉంచు. ఇద్దరం కూర్చుని లెక్కపెడదాం. వచ్చే ఏడు ఏ మడిలో, ఎన్ని రోజులు ముందుగా విత్తాలో అప్పుడు చూద్దాం.

మీ పెదనాన్న