శ్రీకాకుళం నుంచి డల్లాస్‌కి ఎన్ని గంటలు?

ఆగస్టులో చదువుకి వచ్చే మన శ్రీకాకుళం, టెక్కలి, పలాస పిల్లలు నన్ను ముందుగా అడిగేది ఇదే: "అన్నా, డల్లాస్ ఎంత దూరం, ఎన్ని గంటలు?"

హైదరాబాద్ నుంచి డల్లాస్‌కి దగ్గరి దారిన సుమారు 14,400 కిలోమీటర్లు. నేరుగా విమానం లేదు. దుబాయ్‌లో మారితే ముందు 2,550, తర్వాత 12,900, మొత్తం దాదాపు 15,500. ఆ రెండో విమానం పడమరకి కాకుండా పైకి, ఉత్తరానికి పోతుంటే కంగారు పడకండి. భూమి గుండ్రంగా ఉంది కాబట్టి అదే దగ్గరి దారి.

అసలు తికమక టికెట్ మీద టైములతో వస్తుంది. ఉదాహరణకి హైదరాబాద్‌లో తెల్లవారుజామున 4:30కి బయల్దేరి 7:00కి దుబాయ్‌లో దిగుతారు. రెండున్నర గంటలే అనిపిస్తుంది కానీ దుబాయ్ మనకంటే గంటన్నర వెనక, అంటే నాలుగు గంటల ప్రయాణం. అక్కడ 9:00కి ఎక్కితే అదే రోజు సాయంత్రం 4:00కి డల్లాస్. చూడ్డానికి ఏడు గంటలు, కూర్చునేది పదహారు. ఏ ఊరి టైము ఆ ఊరిదే వేస్తారు. వేసవిలో డల్లాస్ మనకంటే పదిన్నర గంటలు వెనక, చలికాలంలో పదకొండున్నర. కాబట్టి మొత్తం 22 గంటలు. ఇండియాకి తిరిగి వెళ్లేటప్పుడు పైగాలి వెనక నుంచి తోస్తుంది, గంటకి పైగా కలిసొస్తుంది.

ఈ 22 గంటలూ హైదరాబాద్ నుంచే. నాకు దిగులంతా మన ఊరి నుంచి అక్కడి దాకా ఉండే ముక్క మీదే. విశాఖ ఎయిర్‌పోర్టుకి కారులో వంద కిలోమీటర్లు దాటుతుంది. నాలుగు డబ్బులు మిగులుతాయని విశాఖ-హైదరాబాద్ టికెట్ విడిగా కొంటారు. ఆ విమానం లేటయి దుబాయ్ విమానం తప్పిపోతే, రెండో టికెట్ ఇచ్చినవాళ్లకి బాధ్యత ఉండదు, మళ్లీ కొత్త టికెట్ కొనాలి. సామాను సంగతీ అంతే. అమెరికా టికెట్ మీద చాలావాటికి 23 కిలోల పెట్టెలు రెండు ఇస్తారు. దేశంలో తిరిగే విమానాల్లో మామూలుగా 15 కిలోలే. జీడిపప్పు, ఆవకాయ సర్దిన పెట్టెలు కౌంటర్ దగ్గర విప్పి, అమ్మ కట్టిన పొట్లాలు బయటికి తీస్తుంటే చూడలేం.

అందుకే విశాఖ నుంచి డల్లాస్ దాకా ఒకే టికెట్, ఒకే పీఎన్నార్ మీద తీసుకోండి. కాస్త ఎక్కువైనా తీసుకోండి. కుదరకపోతే ముందురోజే ఆమదాలవలసలో రైలెక్కి హైదరాబాద్ చేరి, ఒక పూట విశ్రాంతి తీసుకుని విమానం ఎక్కండి. మారే చోట రెండు గంటలకి తగ్గిన టికెట్ మాత్రం వద్దు. న్యూయార్క్‌లోనో షికాగోలోనో మారేవాళ్లకి మూడు గంటలైనా కావాలి. అమెరికాలో మొదట దిగిన చోటే ఇమ్మిగ్రేషన్ జరుగుతుంది, పెట్టెలు మీరే తీసుకుని మళ్లీ అప్పగించాలి.

ఐ-20 (వీసా కోసం మీ కాలేజీ ఇచ్చిన పత్రం), పాస్‌పోర్ట్ చేతిసంచిలోనే ఉండాలి. డల్లాస్‌లో దిగాక క్యూ గంట దాటొచ్చు. తీసుకెళ్లడానికి వచ్చేవాళ్లకి డల్లాస్ టైమూ, ఫ్లైట్ నంబరూ ముందే పంపండి. ఇంట్లోవాళ్లకి ఇండియా టైము లెక్కకట్టి చెప్పండి, సాయంత్రం 4:00 అంటే వాళ్లకి అర్ధరాత్రి దాటి 2:30.