రేస్‌కోర్స్ మీకంటే ముందే ఉంది అంటున్నారు, అంటే మేం నోరు మూసుకోవాలా?

ప్రశ్న: మేం తెలుగువాళ్ళం, ఉద్యోగరీత్యా వేరే రాష్ట్రంలో సెటిల్ అయ్యాం. 12 ఏళ్ళ కింద రేస్‌కోర్స్ గోడని ఆనుకుని ఉన్న కాలనీలో ఫ్లాట్ కొనుక్కున్నాం. గుర్రాల లద్దె మా గోడ పక్కనే కుప్ప పోస్తారు, వానాకాలం వస్తే ఈగలు, వాసన, కిటికీ తీయలేం. రేసులున్న రోజు మా గేటుకి అడ్డంగా కార్లు పెట్టి పోతారు, మొన్నొకసారి మా అత్తగారిని హాస్పిటల్‌కి తీసుకెళ్ళడానికి అరగంట పట్టింది. ఇప్పుడు నాలుగు నెలల నుంచి క్లబ్ లాన్స్‌ని పెళ్ళిళ్ళకి ఇస్తున్నారు, రాత్రి 12 దాకా డీజే. వెళ్ళి అడిగితే సెక్రటరీ గారు "మేం వందేళ్ళ నుంచి ఇక్కడున్నాం, మీరు నిన్న వచ్చారు, తెలిసే కొనుక్కున్నారు కదా" అన్నారు. కాలనీలో కొందరు అసలు రేస్‌కోర్సే ఎత్తించేద్దాం, జూదం అడ్డా అని కేసు వేద్దాం అంటున్నారు. ఏం చెయ్యాలి? ఊరి పేరు, క్లబ్ పేరు రాయకండి.

జవాబు: పేర్లు రాయను, నేను చెప్పేవి చాలావరకు కేంద్ర చట్టాలే కాబట్టి హైదరాబాద్ మలక్‌పేట రేస్‌కోర్స్ దగ్గర ఉండేవాళ్ళకైనా, బెంగళూరులో ఉండేవాళ్ళకైనా ఇవే పనికొస్తాయి.

ముందు ఆ సెక్రటరీ గారి మాట సంగతి చూద్దాం, ఎందుకంటే చాలామంది ఆ ఒక్క మాటకే వెనక్కి వచ్చేస్తారు. న్యూసెన్స్ కేసుల్లో, అంటే పక్కవాళ్ళ ప్రశాంతతకి భంగం కలిగించే పనుల మీద వేసే కేసుల్లో, "నువ్వే తర్వాత వచ్చావు" అనేది డిఫెన్స్ కాదండీ. 1879లో ఇంగ్లండ్‌లో స్టర్జెస్ వర్సెస్ బ్రిడ్జ్‌మన్ అని ఒక కేసు, ఒక మిఠాయిల వ్యాపారి ఇరవై ఏళ్ళకి పైగా తన వంటింట్లో పెద్ద రోళ్ళు పెట్టి దంచుతున్నాడు, పక్కింటి డాక్టరు చాలా తర్వాత తన తోట చివర పేషెంట్లని చూసే గది కట్టుకున్నాడు, ఆ గది కట్టుకున్నాకే చప్పుడు సమస్య అయింది, అయినా డాక్టరే గెలిచాడు. మన కోర్టులూ ఈ సూత్రాన్నే పాటిస్తున్నాయి. మీరు ఫ్లాట్ కొన్నప్పుడు పక్కన రేస్‌కోర్స్ ఉందని తెలిసే కొన్నారు, నిజమే, కానీ లద్దె కుప్పలకీ అర్ధరాత్రి డీజేకీ ఒప్పుకుని సంతకం పెట్టలేదు కదా.

అయితే వాళ్ళ మాటలో కొంచెం బలం కూడా ఉంది, అది చెప్పకపోతే మిమ్మల్ని మోసం చేసినట్టే. కోర్టు ఆ ఏరియా ఎలాంటిదో చూస్తుంది. పొద్దున్నే ట్రాక్ మీద గుర్రాల పరుగు ప్రాక్టీసు, రేసు రోజు జనం అరుపులు, కాస్త గుర్రాల వాసన, ఇవి రేస్‌కోర్స్ పక్కన మామూలే అని జడ్జి గారు అనొచ్చు, వాటి మీద కేసు వేస్తే టైమూ డబ్బూ పోతాయి. అలాగే ఏళ్ళ తరబడి చేస్తున్నాం కాబట్టి మాకు హక్కు వచ్చేసింది అని కూడా వాదిస్తారు, దానికి జవాబు ఏంటంటే పబ్లిక్ న్యూసెన్స్‌కి, అంటే జనం అందరికీ ఇబ్బంది అయ్యేదానికి, ఎన్నేళ్ళు చేసినా హక్కు రాదు, ఒక్క పొరుగువాళ్ళకే ఇబ్బంది అయ్యే ప్రైవేట్ న్యూసెన్స్ అయినా అదే స్థాయిలో ఇరవై ఏళ్ళు ఆగకుండా, ఎవరూ అడ్డుచెప్పకుండా సాగినట్టు వాళ్ళే నిరూపించుకోవాలి, గుర్రాలు పెరిగినా, కుప్ప చోటు మారినా ఆ వాదన నిలబడడం కష్టం. పెళ్ళిళ్ళ సంగతైతే నాలుగు నెలలది, వందేళ్ళ మాటకీ దానికీ సంబంధమే లేదు. అందుకే మీ మూడు సమస్యల్నీ ఒకే కంప్లయింట్‌లో కలపొద్దు, ఒక్కోదానికి ఒక్కో ఆఫీసు, ఒక్కో చట్టం.

డీజే మీకున్న వాటిలో బలమైన కేసు. 2000 నాటి నాయిస్ రూల్స్ ప్రకారం లౌడ్‌స్పీకర్ పెట్టాలంటే రాతపూర్వక పర్మిషన్ ఉండాలి, రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా ఆరుబయట అసలు వాడకూడదు, మూసి ఉన్న హాల్‌కి మినహాయింపు ఉంది గానీ లాన్ హాల్ కాదు. పండగలకీ సాంస్కృతిక కార్యక్రమాలకీ రాష్ట్ర ప్రభుత్వం అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు, అది కూడా ఏడాదికి 15 రోజులు దాటకూడదు, ఎవరిదో పెళ్ళి రిసెప్షన్ అందులోకి రాదు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 పరిమితి. 2005లో సుప్రీంకోర్టు నాయిస్ పొల్యూషన్ తీర్పులో ఈ రాత్రి నిషేధం గట్టిగా అమలు చెయ్యాలని చెప్పింది, మన ఇంట్లో మనం ప్రశాంతంగా ఉండడం ఆర్టికల్ 21 కిందకే వస్తుందని కూడా అంది. ఇంకేం కావాలండీ. డీజే మోగుతున్నప్పుడే 112కి ఫోన్ చెయ్యండి, కంప్లయింట్ నంబర్ రాసుకోండి, పొద్దున పోలీస్ స్టేషన్లో రాతపూర్వకంగా ఇచ్చి ఎకనాలెడ్జ్‌మెంట్ తీసుకోండి. ఫలానా తేదీల్లో లౌడ్‌స్పీకర్ పర్మిషన్ ఇచ్చారా, ఎన్నింటిదాకా ఇచ్చారు అని పోలీసులకి ఆర్టీఐ వెయ్యండి, చాలాచోట్ల అసలు పర్మిషనే ఉండదు, ఆ ఒక్క కాగితంతోనే సగం పని అయిపోతుంది. ఫోన్లో ఉండే సౌండ్ మీటర్ యాప్ రీడింగ్‌ని కోర్టు పెద్దగా పట్టించుకోదు, పొల్యూషన్ కంట్రోల్ బోర్డు వాళ్ళని వచ్చి కొలవమని లెటర్ పెట్టండి. వీడియోలు మాత్రం తీసి పెట్టుకోండి, తేదీ టైమ్ తెలిసేలా, రేపు కోర్టులో పెట్టాలంటే కొత్త సాక్ష్య చట్టం సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి కాబట్టి తీసిన ఫోన్ మార్చకండి, ఒరిజినల్ ఫైల్ డిలీట్ చెయ్యకండి.

లద్దె విషయం. ఒక గుర్రం రోజుకి సుమారు 20 కిలోల లద్దె వేస్తుంది, కింద పరిచే గడ్డి అదనం. రోజుకి 100 కిలోలు దాటి చెత్త వచ్చే సంస్థని ఘన వ్యర్థాల రూల్స్‌లో బల్క్ జనరేటర్ అంటారు, ఐదారు గుర్రాలతోనే ఆ లెక్క వస్తుంది, రేస్‌కోర్స్‌లో వందల్లో ఉంటాయి. బల్క్ జనరేటర్ తన చెత్తని తనే సరిగ్గా ప్రాసెస్ చెయ్యాలి లేదా ఆథరైజ్డ్ ఏజెన్సీకి ఇవ్వాలి, పక్కింటి గోడ కింద కుప్ప పోసి వదిలెయ్యడానికి లేదు. కాబట్టి మున్సిపల్ కార్పొరేషన్ శానిటేషన్ వాళ్ళకీ పొల్యూషన్ బోర్డుకీ ఫోటోలతో కంప్లయింట్ ఇస్తూ సూటిగా అడగండి: కుప్ప గోడకి దూరంగా మార్చాలి, రోజూ ఎత్తాలి, కింద సిమెంట్ చేసి పైన కప్పాలి, వాన నీళ్ళు మన డ్రైన్లోకి రాకూడదు. "వాసన వస్తోంది చర్య తీసుకోండి" అని రాస్తే ఎవరూ కదలరు, ఏం చెయ్యాలో రాస్తేనే అధికారి కూడా నోటీసులో అదే రాయగలడు. కాలనీ వాట్సాప్‌లో గుర్రాల నుంచి గ్లాండర్స్ వస్తుందని ప్రచారం మొదలైతే మాత్రం ఆపండి. ఆ జబ్బు గుర్రం నుంచి మనిషికి రావడం నిజమే, పశువుల అంటువ్యాధుల మీద ఉన్న 2009 చట్టం కింద యజమాని వెంటనే రిపోర్ట్ చెయ్యాల్సిన జబ్బు, అనుమానం ఉంటే పశుసంవర్ధక శాఖకి రాయండి, ఆధారం లేకుండా పుకారు పుట్టిస్తే తిరిగి మీ మీదే కేసు పెడతారు.

పార్కింగ్‌కి మోటార్ వెహికిల్స్ యాక్ట్ 122, 127 సెక్షన్లు చాలు, దారికి అడ్డంగా పెట్టిన బండిని తియ్యించే అధికారం పోలీసులకి ఉంది. రేసుల క్యాలెండర్ ముందే ప్రింట్ అవుతుంది కాబట్టి ఆ తేదీలన్నీ రాసి, ఆ రోజుల్లో మీ గేటు దగ్గర నో పార్కింగ్ బోర్డు, ఒక కానిస్టేబుల్ కావాలని ట్రాఫిక్ ఏసీపీ గారికి సీజన్ మొదట్లోనే లెటర్ ఇవ్వండి, అత్తగారి హాస్పిటల్ సంగతి తప్పకుండా రాయండి.

ఇక ఎత్తించేద్దాం అనే మాట. జూదం అని కోర్టుకెళ్తే నిలబడదు, 1996లో లక్ష్మణన్ కేసులో సుప్రీంకోర్టు గుర్రప్పందాలు నైపుణ్యం ఉన్న ఆట అని తేల్చేసింది. తెలంగాణ గేమింగ్ చట్టంలో కూడా రేసు రోజున, ప్రభుత్వ అనుమతితో కేటాయించిన ఆవరణలో, లైసెన్స్ ఉన్న బుకీ దగ్గరో టోటలైజర్ (క్లబ్ నడిపే పందేల పూల్) మీదో కాసే పందేనికి మినహాయింపు ఉంది. గేటు బయట రోడ్డు మీద పందేలు రాసుకునేవాడి సంగతి వేరు, అది నేరమే, దాని మీద విడిగా కంప్లయింట్ ఇవ్వండి. చెన్నై గిండీలో 2024 సెప్టెంబర్లో ప్రభుత్వం 160 ఎకరాలు వెనక్కి తీసుకోవడానికి కారణం లీజు, అద్దె బకాయిల గొడవ, ముంబై మహాలక్ష్మిలో 120 ఎకరాలు పార్కుకి ఇచ్చే ఒప్పందం కుదిరింది కూడా అక్కడ లీజు అయిపోయింది కాబట్టి. అంటే ఆ తాళం భూమి యజమాని చేతిలో ఉంది, పక్క కాలనీ చేతిలో లేదు. మీకు కావాల్సింది కిటికీ తీసుకుని నిద్రపోవడం, అది అడగండి, అది వస్తుంది.

ఆఫీసుల వల్ల కాకపోతే బీఎన్ఎస్ఎస్ (కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం) సెక్షన్ 152, పాత సీఆర్‌పీసీలో 133, కింద సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ దగ్గర పిటిషన్ వెయ్యండి, కమిషనరేట్ ఉన్న సిటీల్లో ఈ అధికారం చాలాచోట్ల పోలీసు అధికారులకే ఉంటుంది. న్యూసెన్స్ తియ్యమని కండిషనల్ ఆర్డర్ ఇస్తారు, సరిగ్గా ఇచ్చిన ఆర్డర్‌ని సివిల్ కోర్టులో ప్రశ్నించడానికి లేదు. మా దగ్గర ఫండ్స్ లేవు అని మున్సిపాలిటీ అంటే 1980 నాటి రత్లాం తీర్పు చూపించండి, జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఆ సాకు చెల్లదని రాశారు. సివిల్ కోర్టుకే వెళ్ళాలనుకుంటే కాలనీలో ఇద్దరు కలిసి కోర్టు అనుమతితో సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) సెక్షన్ 91 కింద ఇంజంక్షన్ సూట్, అంటే ఆ పని ఆపమని ఆర్డర్ కోరే దావా, వెయ్యొచ్చు, ఒక్కొక్కరికీ విడిగా నష్టం జరిగిందని చూపించక్కర్లేదు. అన్ని చోట్లా రాసినా ఎవరూ కదలకపోతే అప్పుడు హైకోర్టులో రిట్, అధికారులు పని చెయ్యట్లేదని.

ఒక్క రిక్వెస్ట్. లద్దె ఎత్తేవాళ్ళతో, గుర్రాల్ని చూసుకునే సైస్‌లతో గోడ దగ్గర గొడవ పెట్టుకోకండి. వాళ్ళలో చాలామంది ఆ స్టేబుల్స్ పక్కనే ఉంటారు, ఆ ఈగలు వాళ్ళ పిల్లల మీద కూడా వాల్తాయి, కుప్ప ఎక్కడ పొయ్యాలో నిర్ణయించేది వాళ్ళు కాదు. రేపు సాక్ష్యం చెప్పగలిగేది కూడా వాళ్ళే.

తొందర దేనికంటే ఎన్జీటీకి, అంటే పర్యావరణ కేసులు చూసే నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్‌కి. మీ రాష్ట్రం ఏ బెంచ్ కిందకి వస్తే అక్కడ సెక్షన్ 14 అప్లికేషన్ వెయ్యాలి, సమస్య మొదలైన రోజు నుంచి ఆరు నెలలే టైము, సరైన కారణం చూపిస్తే ఇంకో 60 రోజులు దాకా ఇస్తారు, అంతకు మించి ఒక్క రోజు కూడా ఇవ్వరు. డీజే మొదలై నాలుగు నెలలైంది అన్నారు. కాబట్టి ఈ వారంలోనే అసోసియేషన్ మీటింగ్ పెట్టి తీర్మానం రాసుకుని, సెక్రటరీ గారికి 15 రోజుల గడువుతో రిజిస్టర్డ్ పోస్ట్‌లో నోటీసు పంపండి, అదే రోజు పోలీసులకి ఆర్టీఐ కూడా వెయ్యండి. రెండింటికీ ఏం జవాబు వచ్చిందో నాకు రాయండి, అప్లికేషన్ డ్రాఫ్ట్ నేను చూస్తాను.