పొలంలో దొరికిన ఆ బ్రోచ్‌ను దయచేసి కడగకండి

ఇంగ్లండ్‌లోని నార్ఫోక్‌లో రైతు అనుమతితో తిరుగుతుంటే మీ మెటల్ డిటెక్టర్‌కి పచ్చబారిన బ్రోచ్ (బట్టకు పెట్టుకునే అలంకారపు పిన్ను) ఒకటి దొరికింది, కడగొచ్చా, ఎవరికి చెప్పాలి, అది మాకే ఉంటుందా అని అడిగారు. కడగకండి. ఎందుకంటే నేను కడిగాను.

ఆరేళ్ల కిందట పక్క కౌంటీ సఫోక్‌లో దున్నిన చేలో, జానెడు లోతున దొరికింది నాకు. రాగి మిశ్రమం. పైన మూడు బొడిపెలు, మధ్యలో విల్లులా వంపు, కింది కొస గుర్రం మూతిలా. క్రూసిఫామ్ (శిలువ ఆకారపు) బ్రోచ్ అంటారు, 5, 6 శతాబ్దాలది. అప్పటి ఆంగ్లో-సాక్సన్ ఆడవాళ్లు రెండు భుజాల దగ్గరా బ్రోచ్‌లతో బట్ట బిగించుకునేవాళ్లు, మనం పైట జారకుండా పిన్నీసు పెట్టుకున్నట్టు. కొందరు పైన కప్పుకున్నదానికి పెద్దది ఇంకొకటి పెట్టుకునేవాళ్లు.

ఇంటికి తెచ్చి, ఆ సంతోషంలో గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి పాత టూత్‌బ్రష్‌తో తోమేశాను. వెనక ఉన్న తుప్పు ముద్ద ఊడి సింకులోకి పోయింది. తర్వాత మా కౌంటీ ఫైండ్స్ లియేజన్ ఆఫీసర్‌కి (జనానికి దొరికిన పాత వస్తువులను నమోదు చేసే అధికారికి) చూపిస్తే ఆవిడ దాన్ని వెనక్కి తిప్పి, పిన్ను ఉండాల్సిన చోట లెన్స్ పెట్టి చాలాసేపు చూశారు. నన్నూ చూడమన్నారు. సందులో మిగిలిన గోధుమరంగు పొరలో, నువ్వుగింజంత మేర, నేత! పడుగూ పేకా విడివిడిగా కనిపించాయి. ఇనుప పిన్ను తుప్పు పట్టేటప్పుడు దాన్ని ఆనుకున్న దారాల్లోకి ఆ తుప్పు ఎక్కి, బట్ట ఆనవాలు నిలిచిపోతుందట. ఆ మనిషి కట్టుకున్న బట్ట సంగతి చెప్పగలిగిన ముద్దను నేనే పోగొట్టాను. ఆవిడ ఒక్క మాట కూడా అనలేదు. ఇప్పటికీ తలచుకుంటే బాధేస్తుంది.

మీరు మట్టితో సహా గాలి ఆడే సంచిలో పెట్టండి. దొరికిన చోటు జీపీఎస్‌లో గుర్తు పెట్టుకోండి. అక్కడ ఇంకా తవ్వకండి, బ్రోచ్ విరగకుండా ఉందంటే కింద సమాధి ఉండొచ్చు. మీ నార్ఫోక్‌లోనే, విన్‌ఫార్తింగ్‌లో 2014లో ఒక విద్యార్థి గిన్నె కనిపించగానే తవ్వడం ఆపి పురావస్తు శాఖ వాళ్లను పిలిచాడు. అది 7వ శతాబ్దపు స్త్రీ సమాధి. అందులో దొరికిన ఎర్రరాళ్ల బంగారు పతకం ఇప్పుడు నార్విచ్ కాజిల్ మ్యూజియంలో ఉంది.

ఆ ఎర్రరాళ్లు గార్నెట్లు. 5, 6 శతాబ్దాల యూరప్ నగల్లోని గార్నెట్లలో చాలా వాటికి మూలం భారత్, శ్రీలంక అని రసాయన పరీక్షల్లో తేలింది. ఇంగ్లండ్ నగల విషయంలో రాజస్థాన్ పేరు ఎక్కువ వినిపిస్తుంది. మన పాత ఖమ్మం జిల్లా గరీబ్‌పేట రాళ్లను పుదుచ్చేరి దగ్గరి ప్రాచీన రేవు అరికమేడు పూసల్లో గుర్తించారు.

ఇక చట్టం. 300 ఏళ్లు దాటిన వస్తువులో బరువులో కనీసం 10 శాతం బంగారమో వెండో ఉంటే చట్టం దాన్ని ట్రెజర్ (నిధి) అంటుంది. 14 రోజుల్లో కరోనర్‌కి (ఇలాంటివి విచారించే న్యాయాధికారికి) తెలపాలి, మీ కౌంటీ ఫైండ్స్ లియేజన్ ఆఫీసరే సాయం చేస్తారు. మీది రాగి మిశ్రమమే అయితే మామూలుగా ట్రెజర్ కిందికి రాదు, కానీ పొలం యజమానికి హక్కు ఉంటుంది, మాట్లాడుకోండి. ట్రెజర్ కాకపోయినా నమోదు చేయించండి, ఈ ఆఫీసర్లు పనిచేసే నమోదు పథకం, పోర్టబుల్ యాంటిక్విటీస్ స్కీమ్ వాళ్లు డబ్బులు తీసుకోరు.

మీ ఫోటోలో బ్రోచ్ వెనకవైపు కనిపించడం లేదు. పిన్ను దగ్గర ఎర్రటి తుప్పు ఉంటే వేలు కూడా తగలనివ్వకుండా అలాగే ఆ ఆఫీసర్ దగ్గరికి తీసుకెళ్లండి.