మిర్యాలగూడ బిడ్డకు తిమింగలాల చదువెందుకు?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. అమ్మాయి ఇంటర్ బైపీసీ సెకండియర్. సముద్రమే చూడని పిల్ల, లోతు సముద్రపు తిమింగలాల మీద పరిశోధన చేస్తానంటోంది. చెన్నైలో ఓ ప్రైవేటు కాలేజీలో మెరైన్ బయాలజీ చేరతానని పట్టు. మేం నీట్ లాంగ్‌టర్మ్ అనుకుంటున్నాం. రెండూ పోల్చి చెప్పండి.
- ఒక తండ్రి

జవాబు: కోర్సు పేరు మారుతుందేమో గానీ నల్లగొండ, పాలమూరు తల్లిదండ్రులు నన్నడిగేది ఇదే ప్రశ్న. బిడ్డ దూరం పోతుందేమో, ఏం చదివిందని చుట్టాలడిగితే ఏం చెప్పాలో అన్నదే అసలు టెన్షన్. ముందు ఆ పని ఎలా ఉంటుందో వినండి.

స్పేడ్ టూత్డ్ వేల్ అని ఒక తిమింగలం ఉంది. 1872లో న్యూజిలాండ్ వైపు ఒక దీవిలో దాని దవడ ఎముక దొరికింది. అప్పటి నుంచి 2024 దాకా దొరికినవి మొత్తం ఏడే. సముద్రంలో ఈదుతుండగా చూసినట్టు గట్టి ఆధారం ఇంతవరకూ లేదు. 2024 జులైలో ఒటాగో తీరానికి ఐదు మీటర్ల మగది ఒకటి కొట్టుకొచ్చింది. డిసెంబరులో కోసి చూస్తే కడుపులో తొమ్మిది అరలు! దీని బంధువే అయిన కువియర్స్ బీక్డ్ వేల్ దాదాపు మూడు కిలోమీటర్ల లోతుకు దిగుతుంది. ఒకటైతే 3 గంటల 42 నిమిషాలు పైకే రాలేదు. అందుకే వీటి గురించి తెలుసుకోవాలంటే కళేబరం కోయాలి, డీఎన్ఏ చదవాలి, నీళ్లలోకి దించిన మైకుల్లో పడిన వాటి టిక్కుటిక్కు శబ్దాలను నెలల తరబడి కంప్యూటర్లో వేరుచేయాలి. అమ్మాయికి ఇదంతా చెప్పండి. విన్నాక కూడా ఇదే కావాలంటే ఆ ఇష్టాన్ని నమ్మండి.

నాకు భయమల్లా ఆ ప్రైవేటు డిగ్రీ మీదే. బ్రోచర్ నిండా డాల్ఫిన్లు, డైవింగ్ బొమ్మలు ఉంటాయి. నా దగ్గరికొచ్చిన ఒకబ్బాయి అలాంటి కోర్సే మూడేళ్లు చదివాడు. సముద్రానికి తీసుకెళ్లింది ఒక్కసారి. సిలబస్‌లో స్టాటిస్టిక్స్ పేపరే లేదు. పీజీకి వెళ్లేసరికి చాలా కష్టపడ్డాడు. పద్దెనిమిదేళ్లకే అంత సన్నటి దారిలోకి వెళ్లొద్దు. తిమింగలాల మీదే ఉద్యోగాలు మన దేశంలో బహు తక్కువ.

వనపర్తి జిల్లా పెబ్బేరులోనే ఫిషరీస్ కాలేజీ ఉంది. అక్కడ బీఎఫ్‌ఎస్సీ (చేపల పెంపకం, మత్స్యశాస్త్రం డిగ్రీ) చేస్తే మత్స్యశాఖ, ఆక్వా రంగాల్లో బతుకుతెరువుకు లోటుండదు. లేదంటే హైదరాబాద్‌లో జువాలజీ, దాంతోపాటు స్టాటిస్టిక్స్, కోడింగ్. పీజీకి విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ, కొచ్చిలో కుసాట్ (కొచ్చిన్ సైన్స్ అండ్ టెక్నాలజీ యూనివర్సిటీ) ఉన్నాయి. దేశానికి సునామీ హెచ్చరికలిచ్చే ఇన్‌కాయిస్ ఎక్కడుందనుకున్నారు? హైదరాబాద్ ప్రగతినగర్‌లో. వన్యప్రాణుల డీఎన్ఏ పరీక్షించే సీసీఎంబీ వారి లాకోన్స్ అత్తాపూర్‌లో ఉంది. సముద్రం లేని ఊరని బెంగపడకండి.

ఇక లాంగ్‌టర్మ్. ఇక్కడ వేయలేదు గానీ, మీ ఉత్తరంలో దాని ఫీజు రాశారు, హాస్టల్ ఖర్చు రాశారు. డాక్టరవుతానని అమ్మాయి ఎప్పుడైనా అందా లేదా అన్నది మాత్రం ఒక్క ముక్క రాయలేదు! ఇష్టంలేని పిల్లను ఏడాదిపాటు గదిలో పెట్టి, ర్యాంకు రాకపోతే మళ్లీ ఆమెనే అంటారా? తప్పండీ. నీట్ ఈసారికి రాయనివ్వండి, సీటొస్తే అప్పుడు కూర్చుని మాట్లాడుకోండి. రాకపోతే ఏడాది పోగొట్టొద్దు. తెలివైన పిల్ల, నిలదొక్కుకుంటుంది.

పరీక్షలయ్యాక మిర్యాలగూడలో రైలెక్కి గుంటూరు, అక్కణ్నుంచి బాపట్ల మీదుగా సూర్యలంక బీచ్‌కు తీసుకెళ్లండి. దారి పొడుగునా తిమింగలాల సంగతులు ఆమెనే చెప్పనివ్వండి. లాంగ్‌టర్మ్ మాట ఎత్తకండి.