ఫైవ్ స్టార్ రేటింగ్ చూసి మాత్ర మింగొచ్చా?

ప్రశ్న: నా వయసు 24. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. ఆందోళన సమస్యకు ఆరు నెలలుగా ఎస్సిటలోప్రామ్ 10 ఎంజీ వేసుకుంటున్నా. నా రూమ్మేట్ డార్క్‌వెబ్‌లో (మామూలు బ్రౌజర్లకు అందని రహస్య ఇంటర్నెట్‌లో) ఎండీఎంఏ (ఎక్‌స్టసీ అనే మత్తు పదార్థం) తెప్పిస్తున్నాడు. ‘అమ్మేవాడికి వేలల్లో రివ్యూలున్నాయి, బయట కొనేదానికన్నా ఇదే సేఫ్, నువ్వూ ఒకసారి ట్రై చెయ్’ అంటున్నాడు. నిద్ర కోసం ఆల్ప్రజోలం కూడా అక్కడి నుంచే తెప్పించి, రెండు నెలలుగా రోజూ వేసుకుంటున్నాడు. అతని మాటలో నిజమెంత? - ఓ పాఠకుడు

జవాబు: మీ రూమ్మేట్ చెప్పింది పూర్తిగా అబద్ధమైతే ఇంత చిక్కే ఉండేది కాదు. సందు చివర నిలబడి అమ్మేవాడి బెదిరింపులు ఇక్కడ ఉండవు, నిజమే. సరుకు విషయంలోనూ కొంత నిజం ఉంది. స్పెయిన్‌లోని ఎనర్జీ కంట్రోల్ సంస్థ 2014-15లో ఇలాంటి మార్కెట్లలో కొన్నవాళ్లు పంపిన 219 నమూనాలను పరీక్షిస్తే, 91 శాతంలో చెప్పిన పదార్థమే ప్రధానంగా ఉంది. అంటే పది పన్నెండు పొట్లాల్లో ఒకదానిలో చెప్పిందొకటి, ఉన్నదొకటి. ఆ పరీక్షల్లో ఎండీఎంఏ స్ఫటికాల స్వచ్ఛత కూడా సగటున 91 శాతం ఉంది. నెయ్యి ఎంత స్వచ్ఛంగా ఉంటే అంత మంచిది గానీ, ఇక్కడ లెక్క వేరు. కల్తీ సరుకుకు అలవాటుపడ్డ చెయ్యి అదే చిటికెడు తీసుకుంటే, ఒంట్లోకి వెళ్లే మోతాదు పెరిగిపోతుంది. మాత్రలైతే ఇంకా అయోమయం. ఒకే రంగు, ఒకే ముద్ర ఉన్నా ఒకదాంట్లో 80 ఎంజీ, మరోదాంట్లో 200 ఎంజీ దాటి ఉండొచ్చు.

ఇక రివ్యూలు. పార్శిల్ వేళకు వచ్చిందా, ప్యాకింగ్ బాగుందా, ఆ రాత్రి ఎలా గడిచింది... వాటిలో ఉండేది చాలావరకు ఇదే. ఐసీయూలో ఉన్నవాడు స్టార్లు ఇవ్వడు. మూడో రోజు కమ్ముకునే దిగులు ఎవరి రివ్యూలోనూ కనిపించదు. పైగా నిన్నటి బ్యాచ్‌కు వచ్చిన మెప్పు ఇవాళ్టి బ్యాచ్‌కు వర్తించదు. రంగు మారే కిట్‌తో పరీక్షించుకుంటున్నా అంటాడేమో! ఆ చుక్క ఎండీఎంఏ ఉందనే చెబుతుంది. ఎంత ఉందో, పక్కన ఇంకేం కలిసిందో చెప్పదు. ఎండీఎంఏ పేరుతో కొన్నిసార్లు పీఎంఏ అనే మరింత ప్రమాదకరమైన పదార్థం వస్తుంది. అది నెమ్మదిగా ఎక్కుతుంది. ‘ఇంకా ఏమీ కాలేదే’ అని రెండోది వేసుకుంటారు, రెండూ కలిసి ఒంటి వేడిని ప్రాణాల మీదికి తెస్తాయి.

మీ విషయానికొస్తే, వద్దు. ఎస్సిటలోప్రామ్ వాడేవారికి ఎండీఎంఏ ప్రభావం మందగించవచ్చు. అందుకే కొందరు మోతాదు పెంచేస్తారు, కొందరు నాలుగు రోజుల ముందే మందు మానేస్తారు. మొదటిదానితో గుండెకు, ఒంటి వేడికి ముప్పు. రెండోదానితో తల తిరగడం, చిరాకు, తగ్గిన ఆందోళన తిరగబెట్టడం. నొప్పి మందు ట్రామడాల్, కొన్ని దగ్గు సిరప్‌లలోని డెక్స్ట్రోమెథార్ఫాన్, యాంటీబయాటిక్ లినెజోలిడ్ వంటివి కూడా తోడైతే సెరొటోనిన్ సిండ్రోమ్ (ఒంట్లో సెరొటోనిన్ అనే రసాయనం మితిమీరి ప్రాణాల మీదికి తెచ్చే స్థితి) వచ్చే అవకాశం పెరుగుతుంది.

నిజానికి నాకు ఎక్కువ గుబులుగా ఉన్నది మీ రూమ్మేట్ ఆల్ప్రజోలం గురించి. బ్రిటన్, ఐరోపాల్లో ఇలాంటి నకిలీ మాత్రల్లో ఆల్ప్రజోలం బదులు అదే తరహా బ్రోమజోలం, కొన్నిసార్లు నైటజీన్లు అనే అతి తీవ్రమైన ఓపియాయిడ్లు (నల్లమందు తరహా మత్తుమందులు) బయటపడ్డాయి. ఫెంటనిల్ అనే మరో ఓపియాయిడ్‌ను గుర్తించే పరీక్ష స్ట్రిప్‌లు నైటజీన్లను పట్టుకోలేవు. అయినా రెండు నెలలు రోజూ వాడినవాడు భయపడి ఒక్కసారిగా మానేస్తే ఫిట్స్ రావచ్చు. మిగిలిన మాత్రలు పట్టుకుని మానసిక వైద్యుడి దగ్గరికి వెళ్లమనండి. లోపల ఏముందో తెలియదు కాబట్టి, సాధారణంగా పర్యవేక్షణలో డయాజెపామ్‌కు మార్చి, కొన్ని వారాల మీద తగ్గిస్తూ వస్తారు. కేసు భయంతో చాలామంది ఈ దశలోనే ఆగిపోతారు. మాదకద్రవ్యాల కేసులకు వర్తించే ఎన్డీపీఎస్ చట్టంలోని 64ఏ సెక్షన్ ప్రకారం, వాడకం లేదా కొద్ది పరిమాణం కేసు ఎదుర్కొంటున్న వ్యసనపరుడు తనంతట తానే గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు వెళ్లి పూర్తి చేస్తే విచారణ నుంచి రక్షణ ఉంటుంది. అమ్మినవారికి ఇది వర్తించదు. వివరాలు న్యాయవాదిని అడగండి.

అతను రాత్రి మాత్ర వేసుకున్నాక ఒళ్లు కాలిపోతున్నా, దవడ బిగుసుకున్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా 108కి ఫోన్ చేయండి. బట్టలు వదులు చేసి తడిగుడ్డతో తుడుస్తూ ఫ్యాన్ వేయండి. ఈ వేడి పారాసిటమాల్‌తో తగ్గదు. లీటర్ల కొద్దీ నీళ్లు తాగించొద్దు, రక్తంలో సోడియం పడిపోతుంది. శ్వాస నెమ్మదిస్తూ, పిలిచినా లేవకపోతే పక్కకు తిప్పి పడుకోబెట్టండి, ఒంటరిగా వదలొద్దు. మిగిలిన మాత్ర, కవర్ అంబులెన్స్‌లో వెంట తీసుకెళ్లి, ఏం వేసుకున్నాడో దాచకుండా చెప్పండి. మీతో మాట్లాడడానికి అతను ఇష్టపడకపోతే వ్యసన విముక్తి హెల్ప్‌లైన్ 14446 నంబర్ ఇవ్వండి. మీ ఆందోళన గురించి మాట్లాడుకోవడానికి టెలీ-మానస్ 14416 ఉంది.